కరెంటు పోతే మొలిచేది

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడు అందరూ ఒకటే అడుగుతారు: "మేడం, ఇన్నేళ్ళు రోగాల మధ్య కూర్చున్నారు, భయం వేయలేదా?" అని. మొలిచిన దాన్ని చూసి నేనెప్పుడూ భయపడలేదు. ప్లేటు నిండా మొలిచింది మన ఎదుట కూర్చున్న మనిషితో సమానం. దాని పేరేమిటో, ఏ మందుకు లొంగుతుందో తీరిగ్గా అడగొచ్చు. నాకు భయమల్లా ఖాళీ ప్లేటంటే. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది ఘనపూర్. ములుగు దగ్గరి ఘనపూర్. జనగామ పక్కన రైల్వే స్టేషన్ ఉన్న ఘనపూర్ అనుకుని పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఒకసారి అక్కడే దిగిపోయారు. వాళ్ళు మళ్ళీ రాలేదు, నాకు నష్టమూ కాలేదు. తర్వాత అదే జనగామలో ఒక ట్రస్టు దవాఖానలో సూక్ష్మజీవుల పరీక్షలు చూస్తూ నా ఉద్యోగమంతా గడిచిపోయింది. ఆ దవాఖాన పేరు చెప్పను. పదోన్నతులు, పెన్షన్ల గొడవా రాయను. వాటి గురించి చెప్పేవాళ్ళు ఏ పెళ్ళికి పోయినా పక్క కుర్చీలోనే దొరుకుతారు.

పని ఏమిటో ముందు చెప్తాను. రోగి గాయం నుంచి దూది పుల్లతో నమూనా తీసి పంపుతారు. దాన్ని జున్నులా గడ్డకట్టిన మేత ఉన్న ప్లేటు మీద గీస్తాం. మనిషి ఒంటి వేడి ఉండే పెట్టెలో పెడతాం. ఇంక్యుబేటర్ అంటారు, మేం పెట్టె అనే అంటాం. మరునాటికి బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. ఆ మొలిచినదాన్ని ఇంకో ప్లేటు నిండా పరిచి, మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్ళలు దాని మీద పెడతాం. బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం పడితే ఆ మందుకు అది చస్తుందని అర్థం. బిళ్ళ అంచు దాకా పెరిగితే ఆ మందును అది లెక్కచేయదన్నమాట. ఇంతే పని. నేర్చుకోవడానికి నాలుగు రోజులు చాలు. నేర్చుకున్నదాన్ని అనుమానించడానికే ఏళ్ళు పడుతుంది.

యాకయ్య సారు

నా మొదటి బాసు మహబూబాబాద్‌లో యాకయ్య సారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. టీ గ్లాసు ల్యాబులోకి తెస్తే కిటికీలోంచి బయట పారబోసేవారు, గ్లాసుతో సహా. ఒకసారి మా తోటివాడు ఒక లారీ డ్రైవరు కళ్ళె పరీక్ష చేసి, క్షయ క్రిములు లేవని రాసిచ్చాడు. సారు ఆ గాజుపలక తనే తీసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నం వేళ దాటింది. ఆయన లేవలేదు. చివరికి పలక అంచున, ఎవరూ చూడని మూలలో, ఎర్రటి పుల్లలు రెండు చూపించారు.

"అరే, నీకు కనబడలేదంటే నమ్ముత," అన్నారు. "లేదని చెప్పనీకి నువ్వెవడివిరా? దేవునివా?"

వాడు తల వంచుకున్నాడు. మేమందరం వంచుకున్నాం. ఆయన దగ్గర ఉన్న కొద్దికాలంలో నాకు దక్కిన చదువు ఆ ఒక్క మాట. అప్పట్లో అది ముసలాయన చాదస్తమనుకున్నాను.

సమ్మె

తెలంగాణ కోసం అందరూ పని మానేసిన రోజులవి. బస్సులు డిపోల్లో నిలబడిపోయాయి. బడులు మూతపడ్డాయి. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే రోడ్డు మా దవాఖాన ముందు నుంచే పోతుంది. పగలూ రాత్రీ హారన్లతో చెవులు తినే రోడ్డు, ఒక్కసారిగా మూగబోయింది. పొద్దున ఆ రోడ్డు నడిమధ్యన కుక్కలు నిమ్మళంగా పడుకునేవి. మధ్యాహ్నం జనం వచ్చి అక్కడే పొయ్యిలు పెట్టి వంట చేసుకుని, నినాదాలిచ్చి, రోడ్డు మీదే తిని పోయేవారు. వాళ్ళు పోయాక మళ్ళీ అదే నిశ్శబ్దం. జనగామలో అంత నిశ్శబ్దం నేను అంతకు ముందు వినలేదు, నిజం చెప్పాలంటే నాకు అది నచ్చలేదు.

భూపాలపల్లిలో బొగ్గుబాయిల పనీ ఆగింది. మా తమ్ముడు మొగిలి ఆ బాయిలోనే పనిచేసేవాడు. బొగ్గు లేకపోతే కరెంటు లేదు. కరెంటు పోయినప్పుడల్లా నేను వాడికి ఫోన్ చేసి తిట్టేదాన్ని.

"మళ్ల పోయిందిరా!"

"పోనియ్యక్కా. తెలంగాణ వచ్చినంక పొద్దంత ఉంటది."

"అప్పటిదాంక నా ప్లేట్లేం గావాలె?"

"చీకట్ల ఉండుమను. మేం ఇన్నేండ్లు బాయిల చీకట్లనే ఉంటిమి గద."

వాడితో మాట్లాడి గెలవలేం. దవాఖానలో జనరేటర్ ఆపరేషన్ గదికీ, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళ గదికీ మాత్రమే. మా పెట్టె అందులో లేదు. కరెంటు పోతే పెట్టె మెల్లమెల్లగా చల్లబడి, గది ఎంత వెచ్చగా ఉంటే అంత వెచ్చగా ఉండేది.

కమ్లి ఆ రోజుల్లోనే వచ్చింది. నర్సింహులపేట దగ్గరి ఒక తండా పిల్ల. మొగుడితో, తల్లితో కలిసి జనగామ శివార్లలో ఇళ్ళు కట్టే పనికి వచ్చింది. మొగుడు ఏదో పని మీద తండాకు పోయి, బస్సులు లేక అక్కడే ఇరుక్కుపోయాడు. ఈ లోపు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగితే ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల, చక్కగా ఉంది. తల్లికి మాత్రం కుట్లు పడిన చోట చీము పట్టింది, జ్వరం ఎక్కింది.

మా పెద్ద డాక్టరు ప్రసాదరావుగారు గుంటూరు వైపు మనిషి. ఆయన నా 'గదేంది'ని వెక్కిరించేవారు, నేను ఆయన 'ఏంటండీ'ని వెక్కిరించేదాన్ని. బయట అంత గొడవ జరుగుతున్నా ఇద్దరం ఆ వెక్కిరింత మానలేదు. అందుకే మా మధ్య మాట తేడా రాలేదనుకుంటాను. చేయి తిరిగిన వైద్యుడు. ల్యాబు ఏం చెప్తే దాన్ని బట్టే మందు ఇచ్చేవారు, ఊహల మీద ఇచ్చేవారు కాదు.

కమ్లి గాయం నుంచి వచ్చిన నమూనా ప్లేటు మీద గీసి పెట్టెలో పెట్టాను. మరునాడు అక్కడక్కడా కొన్ని చుక్కలు. చీము అంత ఉంటే చుక్కలు ఇంతేనా అనిపించింది గానీ, అలా కూడా అవుతుంది. బిళ్ళలు పెట్టి చూస్తే మామూలు సూదిమందుకే చక్కటి వలయం పడింది. అదే చెప్పాను. డాక్టరుగారు అదే మందు మొదలుపెట్టారు.

జ్వరం తగ్గలేదు.

ఉండటం, లేకపోవడం

మళ్ళీ నమూనా పంపారు. ఈసారి ప్లేటు తీసి వెలుతురులో పట్టుకున్నాను. ప్లేటు మీద చోటు లేదు. తడిగా, జిగటగా, పుల్లతో ముట్టుకుంటే తీగలా సాగుతూ మొలిచింది. బిళ్ళలు పెట్టిన ప్లేటులో ఆ సూదిమందు బిళ్ళను నాలుగువైపుల నుంచీ ఆనుకుని, దాని అంచులు కూడా కప్పేసి పెరిగింది. ఆ మందు దానికి మంచినీళ్ళతో సమానం.

పరుగున పోయి డాక్టరుగారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సుగుణగారూ, వేరే మందు ఒకటుంది. మన దగ్గర ఉన్నది ఒక్కరికే వస్తుంది. లారీలు రావట్లేదు. అవతల ప్రాణం మీదికొచ్చిన పెద్దాయన ఒకరున్నారు, ఆయనకి ఏ క్షణాన అవసరం పడుతుందో తెలీదు. ఇంకొక్కసారి చేసి చెప్పండి. ఖాయమైతే ఈ పిల్లకే ఇచ్చేద్దాం."

ఆయన అడిగింది తప్పేమీ కాదు. మళ్ళీ చేశాను, అదే ప్లేటులోంచి తీసి. మరునాడు పెట్టె తలుపు తెరిస్తే, అక్కడక్కడా కొన్ని చుక్కలు. బిళ్ళ చుట్టూ చక్కటి వలయం. నిన్నటిదంతా ఏమైంది? ప్లేటు మారిందేమోనని చెత్తబుట్ట కూడా వెతికాను. డాక్టరుగారికి చెప్తే ఆయన నన్ను ఒక్క క్షణం చూశారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

మళ్ళీ చేస్తే ప్లేటు నిండా మొలిచింది. ఆ తర్వాత చేస్తే లేదు. సాక్షి ఒకసారి కోర్టుకు వచ్చి, ఇంకోసారి ఊరు విడిచి పారిపోయినట్టుంది వ్యవహారం. మా ల్యాబు గాజు సామాను కడిగే అమ్మాయి ఆ పెట్టె దగ్గరికి రావడం మానేసింది. ప్రసవాల గదిలో పనిచేసే ఎల్లవ్వ ఎవరికీ చెప్పకుండా నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి పెట్టె పిడికి కట్టింది. నేను విప్పలేదు. సైన్సు చదివినదాన్ని, దయ్యాలంటే నవ్వేదాన్ని, ఆ నిమ్మకాయను మాత్రం విప్పలేదు.

ల్యాబు గడప దగ్గర కమ్లి తల్లి ద్వాలి కూర్చుని ఉండేది. పసిపిల్లను ఒళ్ళో వేసుకుని, కళ్ళు నా చేతుల మీదే పెట్టి. వార్డులోంచి కమ్లి పిలుపు అక్కడి దాకా వినిపించేది. "యాడీ... యాడీ..." అని. వాళ్ళ భాషలో అమ్మ అని. తల్లి పక్కనే కూర్చున్నా అలాగే పిలిచేది, ఇంకెవరినో పిలుస్తున్నట్టు. అందుకే ద్వాలి అక్కడ ఉండలేక నా గడప దగ్గరికి వచ్చేది.

"డాక్టరమ్మా, నా బిడ్డ ఒంట్ల ఉన్నదేందో దొరికిందా?"

"దొరుకుతున్నదవ్వా, మళ్ల పోతున్నది."

"పోతె మంచిదే గద?"

"పోతలేదవ్వా," అన్నాను. "దాక్కుంటున్నది."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేనే ఉలిక్కిపడ్డాను. దాక్కుంటే ఎక్కడ దాక్కుంటుంది, ఎప్పుడు దాక్కుంటుంది? ప్లేట్లన్నీ బల్ల మీద వరసగా పెట్టాను. నిండా మొలిచినవి ఒకవైపు, మొలవనివి ఒకవైపు. నిండా మొలిచిన ప్లేటు ప్రతిదాని వెనకా మొగిలి గొంతు వినిపించింది. అవి నేను వాడిని తిట్టిన రోజులు! కరెంటు పోయి, పెట్టె చల్లబడిన రోజులు. తిట్టని రోజుల ప్లేట్లన్నీ దాదాపు ఖాళీ. వెచ్చగా ఉంచితే మాయమై, వదిలేస్తే లేచి కూర్చునే దాన్ని నేను అంతవరకు చూడలేదు. ఏ బ్యాక్టీరియాకైనా ఒంటి వేడి అంటే విందుభోజనం.

వెంటనే నిండు ప్లేటులోంచి తీసి రెండు కొత్త ప్లేట్ల మీద గీశాను. రెండింటి మీదా ఆ మందు బిళ్ళ పెట్టాను. ఒకటి పెట్టెలో పెట్టాను, ఒకటి ఊరికే బల్ల మీద, గాలికి. అదృష్టమో దురదృష్టమో, ఆ రోజు కరెంటు ఉంది.

మరునాడు పొద్దున రెండూ తీసుకుని డాక్టరుగారి గదికి పోయాను. పెట్టెలోది దాదాపు ఖాళీ. బల్ల మీదిది బిళ్ళను మింగేసింది.

ఆయన రెంటినీ వెలుతురులో పెట్టి చూశారు. లేచి తనే ఫార్మసీకి పోయి, ఉన్న మందు తీసుకుని కమ్లి మంచం దగ్గరికి నడిచారు. అంబులెన్సును మందు కోసం వరంగల్ పంపించారు. రోడ్డు మీద వంట చేసుకుంటున్న జనం పొయ్యిలు జరిపి దారి ఇచ్చారు.

పెట్టె జ్వరం

కారణం పెట్టెలో ఉందని తెలిసింది గానీ, అందులో ఉన్న థర్మామీటర్ సరైన వేడే చూపిస్తోంది. వార్డులోంచి జ్వరం చూసే థర్మామీటర్ తెచ్చి పెట్టెలో పెట్టి తలుపు మూశాను. తీసి చూస్తే పాదరసం చివరి గీత దాకా ఎక్కి, ఇంక పోవడానికి దారి లేక ఆగింది. అప్పుడు పెట్టెలోని పాత థర్మామీటర్‌ను కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. లోపలి పాదరసం విరిగి ఉంది. ఒక ముక్క పైన కొసకు ఇరుక్కుపోయింది, మిగిలింది కింద ఉండిపోయి తక్కువ వేడి చూపిస్తోంది. వోల్టేజీ ఎగిరిపడీ పడీ పెట్టె ఎప్పుడో అదుపు తప్పింది.

"పేషెంటుకి కాదండీ, పెట్టెకి వేయాలి తడిగుడ్డ," అన్నారు ప్రసాదరావుగారు. కమ్లి ఒంట్లో ఉన్న జ్వరం కంటే మా పెట్టెకున్న జ్వరం ఎక్కువ. కమ్లి ఒంట్లో అది హాయిగా పెరుగుతోంది. మా పెట్టెలోనే దానికి ఊపిరాడలేదు.

మరి మాకు ముందే ఎందుకు తెలియలేదు? పెట్టె బాగుందో లేదో చూడటానికి మేం అప్పుడప్పుడు పెట్టే మామూలు బ్యాక్టీరియా ఆ వేడికి కూడా చక్కగా పెరిగేది. మిగతా రోగుల నుంచి వచ్చినవీ చాలావరకు పెరిగేవి. ఇది ఒక్కటే ఆగింది. దీని దగ్గర ఏదో ఉంది.

చదువుకునే రోజుల్లో ఒక పాఠంలో విన్నది అప్పుడు గుర్తొచ్చింది. బ్యాక్టీరియా కొన్నిసార్లు తన సొంత జన్యువులు కాక, ప్లాస్మిడ్ అనే చిన్న గుండ్రటి పోగును కూడా మోస్తుంది. దాన్ని తాయెత్తు అనుకోండి. అది ఉంటే మందు ఏమీ చేయలేదు. కానీ కొన్ని తాయెత్తులకు వేడి పడదు. వేడి మితిమీరితే ఆ తాయెత్తే కట్టుకున్నదాని మెడకు బిగుస్తుంది. పెరగడం ఆగిపోతుంది. పెట్టెలోని ఖాళీ ప్లేటు మీద ఖాళీగా కనబడిన చోటు గీకి మైక్రోస్కోపు కింద పెట్టాను. పొట్టిగా ఉండాల్సినవి సేమ్యా పోగుల్లా పొడుగ్గా సాగి పడున్నాయి. పూర్తిగా చచ్చినవి కావు. పెరిగి రెండుగా విడిపోవాల్సినవి, విడిపోవడం చేతకాక అలా ఉండిపోయాయి. చల్లటి చోట పెడితే వాటిలో కొన్ని మళ్ళీ కదిలాయి.

ఇంకొకటి ఉంది, అది తలచుకుంటే ఇప్పటికీ నాకు బాగుండదు. ఆ వేడిలో తాయెత్తు తన నకలు తాను చేసుకోలేదు. అందుకని పుట్టే పిల్లల్లో కొన్నింటికి తాయెత్తు దక్కదు. పీడ వదిలింది కదా అనుకుంటాం. కానీ కొన్ని తాయెత్తులు పోతూ పోతూ విషం వదిలిపోతాయి. దాని విరుగుడు తాయెత్తులోనే ఉంటుంది. ఉంటే గొంతు నులుముతుంది, వదిలితే చంపుతుంది. ఆ విషాన్ని కూడా తట్టుకుని బయటపడ్డవి కొన్నే. మా పెట్టెలో నేను చూసిన ఆ కొద్ది చుక్కలు అవే. తాయెత్తు లేనివి కనుక మందుకు చస్తాయి. అంటే మా పెట్టె, మందుకు చచ్చేవాటిని మాత్రమే ఏరి నాకు చూపించి, చావనివాటిని దాచిపెట్టింది. దాన్ని నమ్మి ఒక బాలింతకు పనికిరాని మందు ఎక్కించాం.

రోడ్లు తెరుచుకున్నాక దాన్ని హైదరాబాదులో పెద్ద ల్యాబుకు పంపితే వాళ్ళూ ఇదే అన్నారు. అప్పటికి కమ్లి మంచం మీద లేచి కూర్చుని, బిడ్డకు పాలిస్తోంది. కొత్త మందు పనిచేసింది. ద్వాలి నా రెండు చేతులూ పట్టుకుని తన భాషలో ఏదో చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఏడుపు మాత్రం వచ్చింది.

రంజన్

అది కమ్లికి ఎక్కడి నుంచి అంటింది? తండా నుంచి తేలేదు. మా దవాఖానలోనే అంటింది. ప్రసవాల గదిలో తలుపు పిడులు, కత్తెరలు, బల్లలు అన్నీ దూది పుల్లతో తుడిచి ప్లేట్ల మీద గీశాను. ఈసారి పెట్టె జోలికి పోలేదు, బల్ల మీదే పెట్టాను. కొన్నింటి మీద మామూలువి మొలిచాయి. ఒక్కదాని మీద మాత్రం జిగటగా, తీగలు సాగుతూ అదే మొలిచింది. అది గది మూలన ఉన్న రంజన్ లోపలి గోడ నుంచి తీసింది.

రంజన్ అంటే మా వైపు మట్టి కుండ, నీళ్ళు చల్లబెట్టుకునేది. ఎండాకాలం కరెంటు కోతలకు ఫ్రిజ్ ఆగినప్పటి నుంచీ, మరిగించిన నీళ్ళు అందులో పోసి ఉంచేవారు. తాగడానికి అవే, గాయాల చుట్టూ తుడవడానికీ అవే. కాచిన నీళ్ళు కదా, ఎవరికి అనుమానం? పైగా ఆ నీళ్ళను నెలనెలా పరీక్షించేది మా ల్యాబే. ఏ పెట్టెలో పెట్టి పరీక్షించేవాళ్ళమో మీకిప్పుడు తెలుసు.

ఎల్లవ్వకు చెప్తే ముఖం మాడ్చుకుంది.

"మంచిగ మసలబెట్టిన నీళ్లమ్మా గవి! నా చేతుల మీద నేను మసలబెడ్త."

"మసిలే నీళ్లే పోస్తవా రంజన్ల?"

"పోస్తె పగుల్తది గద! జర సల్లారినంక పోస్త."

"లోపట తోముతవా?"

"తోమితె నీళ్లు సల్లగెట్లయితయ్? రంజన్ సంగతి నీకు తెల్వదా ఏంది?"

తెలుసు. మా అమ్మా అదే చెప్పేది, మా ఊళ్ళో అందరూ అదే చెప్తారు. రంజన్ లోపల తోమొద్దు, వేడినీళ్ళు పోయొద్దు. ఆ చెమ్మగోడను పట్టుకుని అది ఎన్నాళ్ళ నుంచి కాపురముందో! అలాంటి చల్లదనంలోనే ఈ బ్యాక్టీరియా ఒకదానికొకటి ఆనుకుని తాయెత్తు నకళ్ళు పంచుకుంటుంది. ఆ మాట తెలిశాక ఆ గదిలో ఒంటరిగా నిలబడి కుండలోకి తొంగిచూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి, నా ముఖం కనబడింది. ఆ కొద్ది నెలల్లో కుట్లు మానడానికి ఆలస్యమైన ఆడవాళ్ళు ఇంకెందరో గుర్తొచ్చారు. వాళ్ళందరికీ మేం ఇచ్చింది ఖాళీ రిపోర్టులే.

కుండ పగలగొట్టమన్నారు డాక్టరుగారు. నీళ్ళ కుండను పగలగొట్టడం ఎల్లవ్వకు మనసొప్పలేదు. అంచు దగ్గర పెచ్చు ఊడితే తనే సిమెంటు పూసి బాగుచేసుకున్న కుండ అది. వెనక గోడ దగ్గర ఎండలో బోర్లించింది. పెట్టెను పాత సామాన్ల గదిలోకి తోశారు. కొత్త పెట్టె వచ్చింది. తర్వాత రాష్ట్రం వచ్చింది. జనగామ జిల్లా అయ్యింది. ఎల్లవ్వ పోయింది, ప్రసాదరావుగారు గుంటూరు వెళ్ళిపోయారు, నేను రిటైరయ్యాను.

కమ్లి మళ్ళీ వచ్చింది

ఈమధ్య ఎండాకాలంలో కమ్లి ఫోన్ చేసింది. "అమ్మా, మళ్ల నీళ్లాడ్త. నీ దవాఖానకే వస్తున్న. నన్ను బతికిచ్చింది గదే గద," అంది. నేను పళ్ళు తీసుకుని చూడబోయాను.

నొప్పులు మొదలయ్యాయి. ద్వాలి ముసలిదైపోయింది, పక్కన కూర్చుని ఉంది. నాటి పసిపిల్ల బాగా ఎదిగింది, అమ్మ కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి కమ్లి నవ్వింది. ఆ నవ్వు వైపు నడుస్తూ నేను గది మూలకు చూశాను, అలవాటుగా.

మూలన రంజన్ ఉంది. మూతి మీద తెల్లటి గుడ్డ. అంచున సిమెంటు పూత.

"ఇదెక్కడిది?" అని అడిగాను.

"వెనక గోడ కాడ దొరికింది మేడం. మంచి కుండ, ఎవరో బోర్లిచ్చి పెట్టిన్రు," అంది అక్కడి ఆయా. "ఎండలకు ఫ్రిజ్ నీళ్లు పడ్తలేవని మసలబెట్టి పోస్తున్నం."

ద్వాలి చేతిలో గ్లాసు ఉంది. కూతురి నోటి దగ్గరికి తీసుకుపోతోంది. నేను ఆ గ్లాసు ఎలా లాక్కున్నానో నాకు తెలియదు. నీళ్ళు నా చీర మీద పడ్డాయి, చాలా చల్లగా ఉన్నాయి. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ద్వాలి ఒక్కతే చూడలేదు. లేచి, కూతురికీ ఆ కుండకూ మధ్య నిలబడింది.

నా ఎదుటే వేరే గిన్నెలో నీళ్ళు మరిగింపజేసి, అందులోనే చల్లార్చి వాటినే వాడాలని చెప్పి ల్యాబుకు పోయాను. అక్కడ ఇప్పుడు అనూష అనే అమ్మాయి పనిచేస్తోంది. చురుకైన పిల్ల.

"రంజన్ నీళ్లా మేడం? మొన్ననే చూసినం. ఏమీ లేదు," అంది.

"ఏ పెట్టెల పెట్టి చూసినవ్ బిడ్డా?"

"కొత్తది కాలిపోయింది మేడం. మీ పాతదే తీసినం. ఇప్పటికీ మంచిగ పనిచేస్తున్నది."

మూలన అదే పెట్టె. పిడికి దారపు ముడి ఇంకా అలాగే ఉంది, నిమ్మకాయ లేదు. తలుపు తెరిచి థర్మామీటర్ తీసి కిటికీ దగ్గర పట్టుకున్నాను. పైన కొసకు పాదరసం ముక్క అలాగే ఇరుక్కుని ఉంది. అనూషకు చూపించాను. రంజన్ గోడ తుడిచి రెండు ప్లేట్ల మీద గీయించి, ఒకటి పెట్టెలో, ఒకటి బల్ల మీద పెట్టించాను.

ఆ సాయంత్రం కమ్లికి కొడుకు పుట్టాడు. ఆపరేషన్ అవసరం లేకుండానే. కుండను నా చేతులతో నేనే పగలగొట్టి, ముక్కలు ఎండలో పారబోసి, బిడ్డను ఒకసారి ఎత్తుకుని ముద్దాడి, నేను ఇంటికి వచ్చాను. తల్లీబిడ్డలు ఇప్పటికీ క్షేమం.

మరునాడు అనూష ఫోన్ చేసింది. గొంతు చిన్నగా ఉంది.

"మేడం, పెట్టెలది ఖాళీ. బల్ల మీదిది ప్లేటు నిండ మొలిచింది." మళ్ళీ తనే అడిగింది. "ఇది ఎప్పటి సంది ఇక్కడ ఉన్నది మేడం? కుండ పోయింది గద, ఇంక లేనట్టేనా?"

యాకయ్య సారు గుర్తొచ్చారు.

"లేదని నేను చెప్పలేను బిడ్డా," అన్నాను. "నువ్వు రోజూ ఒక ప్లేటు బల్ల మీద పెట్టు."